ఆర్మూరు నుంచి ఆటల అంగడికి

పిల్లలూ! నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు అనే ఊరున్నది. జిల్లా కేంద్రానికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. శ్రీనగరు నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరిమీదుగానే పోతుంది. ఊరి పక్కనే నవనాథ సిద్ధుల గుట్ట. ఆ గుట్టమీది బండరాళ్లను చూస్తే, ఎవరో రాక్షసుడు ఆడుకుని ఎక్కడివక్కడ వదిలేసి పోయినట్టు ఉంటుంది.

మీరు జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఇటు వచ్చారంటే ఊరు రాకముందే వాసన వస్తుంది. తవ్వి తీసిన పసుపును రైతులు పొలాల్లోనే ఉడికిస్తూ ఉంటారు. ఉడికిన కొమ్ములను రెండు వారాలు ఎండబోసి, తిరిగే డ్రమ్ములో వేసి పైపొట్టు రాలగొడతారు. అప్పుడుగాని అది అమ్మకానికి పనికిరాదు. కొనేవాడు ఏం చేస్తాడో తెలుసునా? కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, పటుక్కున విరిచి, లోపలి రంగు చూస్తాడు. నిజామాబాదు మార్కెట్టు యార్డులో 2016 నుంచి ఈ-నామ్ అనే పద్ధతి వచ్చింది. వ్యాపారి తన ధరను ఫోనులోనో కంప్యూటరులోనో వేస్తాడు. అయినా అంతకుముందు కుప్ప దగ్గరికి వచ్చి కొమ్ము విరవడం మాత్రం మానలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి. కాస్సేపట్లో మళ్లీ కావలసి వస్తుంది.

నేను ఈ ఊళ్లోనే చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయుడిగా ఉద్యోగ విరమణ చేశాను. పసుపు గురించి ఎంతైనా రాయగలను. కాని ఈ నెల చెప్పబోయేది వీడియో ఆటల అంగడి గురించి. ముసలాడికి ఇదేం పిచ్చి అంటారేమో, వినండి.

మా మనుమడు ఏడో తరగతి. వాడి మేనమామ దుబాయిలో పని చేస్తాడు. (మా వైపు గల్ఫు దేశాలకు మనిషిని పంపని వీధి అరుదు.) ఆయన కిందటి దసరాకు వస్తూ ప్లేస్టేషను 5 అనే ఆట యంత్రం తెచ్చాడు. దానితోపాటు ఒకే ఒక్క ఆట. సంక్రాంతి పోయేసరికి వాడికి అది పాతబడిపోయి, రెండో ఆట కావలసి వచ్చింది.

"నాన్న ఫోనులో డబ్బు కడితే ఆట ఇంట్లోకే వస్తుంది తాతా. ఇప్పుడు అంగడికి ఎవరు పోతారు?" అన్నాడు.

"ఆ ఆట బరువెంత?" అని అడిగాను.

"అరవై గిగాబైట్లు."

మా ఇంటికి ఇంకా ఇంటర్నెట్టు తీగ వెయ్యలేదు. ఫోనులో రోజుకు వచ్చేది రెండు గిగాబైట్లు. "లెక్క వేసి చెప్పు" అన్నాను. వాడు మనసులోనే భాగించి, ముప్ఫై రోజులన్నాడు. అదైనా ఇంట్లో ఎవ్వరూ ఆ ఫోనును మరే పనికీ వాడకుండా ఉంటేనే!

"అయితే పద, అంగడికే పోదాం" అన్నాను. ఆ మాటకు ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వడానికి కారణమున్నది.

1999లో మా ఊరి బజారు పక్క సందులో ఒక వీడియో ఆటల అంగడి ఉండేది. చిన్న గది. రెండు టెలివిజన్లు, రెండు యంత్రాలు, గోడకు ఒక పలక. అరగంట ఆటకు అయిదు రూపాయలు. జపానులో నింటెండో సంస్థ 1983లో ఫామికామ్ అనే యంత్రం చేసింది. దానికి నకళ్లుగా వచ్చిన చవకరకం యంత్రాలవి. పుస్తకమంత ప్లాస్టిక్ క్యాసెట్టును నెత్తిన గుచ్చితే ఆట మొదలయ్యేది. అప్పుడు నేను లెక్కల మాస్టరును. అర్ధ సంవత్సర పరీక్షలు దగ్గరపడ్డాయి. మా పిల్లలు అక్కడ చేరారని ఎవరో చెప్పగానే, బెత్తం పట్టుకుని పోయాను. నన్ను చూసి పదిమంది పిచికల్లా ఎగిరిపోయారు. ఒక్కడు మాత్రం రిమోటు పట్టుకుని, తెరమీదనుంచి కళ్లు తిప్పలేక అలాగే కూర్చున్నాడు. వాడి చెవి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. అంగడి యజమానిని నలుగురిలో నానామాటలూ అన్నాను. ఆయన ఒక్క మాట బదులు చెప్పలేదు. కొన్నేళ్లకు ఆ అంగడి మూతపడింది. ఊరికి మేలు జరిగిందని సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను.

అటువంటి నేను మనుమడి చెయ్యి పట్టుకుని ఆటల అంగడికి బయలుదేరితే నవ్వరా మరి!

ఆర్మూరులో అటువంటి అంగడి ఇప్పుడు మాకు దొరకలేదు. నిజామాబాదులో అడిగితే, "ఆర్డరు పెడితే తెప్పిస్తాం" అన్నారు. తెప్పించుకోవడానికైతే నా ఫోను చాలదా? ఒక ఆదివారం పొద్దున్నే సికిందరాబాదు బస్సెక్కాం. డిచ్‌పల్లి, కామారెడ్డి, రామాయంపేట, మేడ్చల్ దాటి, జూబ్లీ బస్సు స్టేషనులో దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అక్కడినుంచి ఆటోలో పార్క్ లేన్. అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటరు అనే భవనం ఉన్నది. అందరూ సీటీసీ అంటారు. ఏ అంతస్తుకు పోయినా కంప్యూటర్లు, తీగలు, వాటిని బాగుచేసేవాళ్లు. ఆ సందడిలో ఆటల అంగడి వెతికి పట్టుకున్నాం.

అంగడి పెద్దదేమీ కాదు. గోడ నిండా డబ్బాలు. కొత్తవి ఒక వైపు, ఆడి తిరిగి ఇచ్చినవి మరొక వైపు. బల్ల వెనక ఉన్న యువకుడు మా వాణ్ణి మొట్టమొదట ధర అడగలేదు. "ఏ తరగతి? ఇంతకుముందు ఏం ఆడావు? అందులో ఏది నచ్చలేదు?" అని అడిగాడు. మంచి మాస్టరు పిల్లవాడికి పుస్తకం ఇచ్చేముందు అడిగే ప్రశ్నలే ఇవి! మా వాడు కోరిన ఆట డబ్బామీద 18 అనే అంకె ఉన్నది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఆడవలసిన ఆట అన్నమాట. ఆ యువకుడు డబ్బాను నా వైపు తిప్పి, అంకెమీద వేలు పెట్టి చూపాడు. మా వాడి ముఖం కాస్త చిన్నబోయింది. అయినా పావుగంటలో ఇద్దరూ కలిసి కార్ల పందెం ఆట ఒకటి ఎంచారు.

కొత్త ఆటలు కొన్ని అయిదు వేలదాకా ఉన్నాయి. మా వాడు ఎంచింది పాత డిస్కు, పద్దెనిమిది వందలు. ఆ యువకుడు డిస్కును అంచులతో పట్టుకుని, దీపం కిందికి వంచి, గీతలున్నాయేమో అటూ ఇటూ తిప్పి మాకు చూపించాడు. నాకు వెంటనే పసుపు కొమ్ము విరిచే వ్యాపారి గుర్తుకు వచ్చాడు. గీతలు చూడడం వట్టి ఆచారం కాదు సుమా. ఈ బ్లూ-రే డిస్కులో సమాచారమంతా పైపొరకు మిల్లీమీటరులో పదోవంతు లోతులోనే ఉంటుంది. కంటికి కనిపించనంత చిన్న గుంటల వరుసలవి. ఒక వరుసకూ పక్క వరుసకూ మధ్య దూరం మైక్రాన్‌లో మూడోవంతు. మన తలవెంట్రుక మందంలో అటువంటి వరుసలు రెండు వందలకు పైగా పడతాయి. నీలి ఊదారంగు లేజరు కిరణం వాటిమీద పడి తిరిగివచ్చే తీరునుబట్టి యంత్రం ఆటను చదువుతుంది. ఆ యంత్రపు డిస్కులు వంద గిగాబైట్లదాకా పట్టగలవు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ అనే ఆట మొత్తం 40 కిలోబైట్లు. మా వాడు మొదట అడిగిన ఆట దానికి పదిహేను లక్షల రెట్లు. సున్నాలు లెక్కపెట్టి సరిచూసుకోండి.

"నెలలోపు గీత పడకుండా తెస్తే పదమూడు వందలిచ్చి తీసుకుంటాను" అన్నాడు ఆ యువకుడు. అంటే నెలరోజుల ఆటకు మాకయ్యే ఖర్చు అయిదు వందలు, పైన బస్సు చార్జీలు. బస్సు చార్జీలు కలిపితే లాభమా నష్టమా అన్నది మీ నాన్నగారిని అడగండి. పండుగ తగ్గింపుల్లో ఫోనులోనే చవకగా దొరకడం కూడా కద్దు. నేను అంగడివైపు వకాల్తా పుచ్చుకుని ఆ సంగతి దాచను.

కాని ఫోనులో కొన్న ఆటను తిరిగి అమ్మలేం, పక్కింటి పిల్లవాడికి ఇవ్వలేం. అసలు అది మనదేనా అన్నదే పెద్ద ప్రశ్న. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ ఇటువంటి సరుకును అమ్మేవాళ్లు, "మీరు కొంటున్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే" అని కొనేవాడికి స్పష్టంగా తెలియజెయ్యాలి. నింటెండో సంస్థ తన రెండు పాత యంత్రాలకు ఇంటర్నెట్టు అంగడిని 2023 మార్చిలో మూసేసింది. ఆ తర్వాత వాటికి అక్కడ కొత్తగా ఏ ఆటా కొనుక్కోవడానికి వీలు లేకపోయింది.

డిస్కు చేతిలో ఉంటే నిశ్చింత అనుకున్నాను. ఆ యువకుడే నా భ్రమ పోగొట్టాడు. 2014లో ది క్రూ అనే కార్ల ఆట వచ్చింది. దాన్ని ఆడాలంటే ఎప్పుడూ సంస్థవారి కంప్యూటరుతో కలిసి ఉండాలి. 2024 మార్చి 31న వాళ్లు ఆ కంప్యూటర్లను ఆపేశారు. డిస్కు డబ్బు పెట్టి కొన్నవాడి చేతిలో కూడా అది వట్టి అద్దంబిళ్ల అయింది. ఇప్పుడు కొన్ని డబ్బాల్లో అసలు ఆటే ఉండదట. 2025లో వచ్చిన స్విచ్ 2 అనే యంత్రానికి కొన్ని ఆటలు తాళంచెవి కార్డులుగా అమ్ముతున్నారు. కార్డు ఉన్నా, ఆటను మళ్లీ ఇంటర్నెట్టునుంచి దించుకోవలసిందే. ఆ సంగతి డబ్బామీదే రాసి ఉంటుంది. నేను కళ్లజోడు తుడుచుకుని మేము కొన్న డబ్బా వెనక ఉన్నదంతా చదివాను. జీవితమంతా పరీక్ష పేపర్లు దిద్దిన అలవాటు ఒకచోట పనికివచ్చింది.

ఇటువంటి అంగళ్లు ప్రపంచమంతటా తగ్గిపోతున్నాయి. బ్రిటనులో గేమ్ అనే పెద్ద సంస్థ 2012లో దివాలా స్థితికి వచ్చి, ఆరు వందల దుకాణాలలో 277 మూసేసింది. సీటీసీలో ఆ యువకుడు కూడా యంత్రాల మరమ్మతుమీదే ఇల్లు గడుస్తున్నదన్నాడు. అయినా ఆ పావుగంటా ఆ ప్రశ్నలూ నా ఫోను అడగగలిగేవి కావు. ఫోను మా వాడి వయసు చూసి అంకెమీద వేలు పెట్టదు. తల్లిదండ్రులకు ఒక మాట: డబ్బు పెట్టి డబ్బు గెలవమనే ఆన్‌లైను ఆటలను మన పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది. అవి పిల్లల దగ్గరికి వచ్చింది ఏ సందులోని అంగడినుంచో కాదు, మన జేబులోని ఫోనులోంచే.

తిరుగు బస్సులో మా వాడు డబ్బా ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడు. నాకు నిద్ర రాలేదు. మా ఊరి పాత అంగడి యజమాని ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతున్నాడని నాకు తెలుసు. ఇన్నేళ్లలో ఆ కొట్టు మెట్టు ఎక్కలేదు. మర్నాడు సాయంత్రం మనుమణ్ణి వెంటబెట్టుకుని పోయాను.

"రండి సార్" అని కుర్చీ వేశాడు. ఆనాటి సంగతి నేనే ఎత్తాను. అన్నమాటలకు ఏమీ అనుకోవద్దన్నాను.

ఆయన నవ్వాడు. "బడి వేళలో ఎవరినీ రానిచ్చేవాణ్ణి కాదు సార్. పలకమీద పేరు, వచ్చిన టైము రాసేవాణ్ణి. అరగంట కాగానే ప్లగ్గు పీకేవాణ్ణి. మీరు వచ్చిన రోజు ఆదివారం" అన్నాడు.

ఆదివారమన్న సంగతి నాకు నిజంగా గుర్తులేదు.

"మీరు చెవి పట్టుకుని తీసుకుపోయిన పిల్లవాడికి ఇంకా పన్నెండు నిమిషాలు బాకీ ఉండిపోయాను సార్. వాడు మళ్లీ రాలేదు. ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడట."

బల్ల కింది అట్టపెట్టెలోంచి ఒక యంత్రమూ క్యాసెట్టూ తీశాడు. దుమ్ము ఊది, కొట్టులో ఉన్న పాత టెలివిజనుకు తగిలించాడు. పాతికేళ్లు దాటిన క్యాసెట్టు! ఇంటర్నెట్టు అడగలేదు, అనుమతి అడగలేదు. మీట నొక్కగానే పాట మొదలై, ఎర్రటోపీ మారియో తెరమీదికి వచ్చాడు. మా వాడు కళ్లప్పగించి చూశాడు.

"పన్నెండు నిమిషాలు" అన్నాను, గడియారం చూస్తూ. వాడు పది ఆడి, మిగిలిన రెండు నిమిషాలకూ రిమోటు నా చేతిలో పెట్టాడు. నా మారియో మొదటి గుంటలోనే పడిపోయాడు.