మన్నింపు కాదు, ఏర్పాటు

మా తమ్ముడు ఏడో తరగతి. వాడికి తలసీమియా. ఒంట్లో ఎర్ర రక్తకణాలు సరిగా తయారుకావు కాబట్టి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ముందురోజు శాంపిల్ ఇస్తే, ఎక్కించబోయే రక్తం వాడికి సరిపోతుందో లేదో చూస్తారు. మర్నాడు ఎక్కిస్తారు. అంటే ప్రతిసారీ రెండు రోజులు బడి పోతుంది.

లెక్క వేయండి. బడి నడిచే పది నెలల్లో ఇలా పద్నాలుగు సార్లు, అంటే 28 రోజులు. రక్తం ఎక్కించగా ఒంట్లో ఇనుము పేరుకుంటుంది, దానికి వేరే పరీక్షలు. మధ్యలో జ్వరాలు. అన్నీ కలిపితే నలభై దాటుతాయి. రక్తం ఎక్కించే ముందు వారం వాడు బడిలోనే ఉంటాడు గానీ, నీరసంతో బల్లమీద తల వాల్చేస్తాడు. ఆ వారం హాజరు ఉంటుంది, పాఠం ఉండదు.

ప్రతిసారీ నాన్న లీవ్ లెటర్ రాసేవారు, చివర్న "దయచేసి మన్నించగలరు" అని. వాడు చేసిన తప్పేమిటని మన్నింపు? నిరుడు అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల పేపరు సరిగ్గా ఆస్పత్రి రోజునే పడింది. సున్నా వేశారు. "ఒక ఏడాది ఆపేయండి, ఒళ్ళు బాగయ్యాక పంపండి" అన్నారు క్లాస్ టీచరు. ఏడాది ఆగితే తగ్గే జబ్బు కాదని చెప్పడానికి అమ్మకి ఒడియా చాలలేదు. మా బరంపురంలో అమ్మ ఒడియా బజారు వరకే.

ఈ ఏడాది బడి తెరిచిన వారంలోనే నేను ఒడియాలో ఒక పేజీ రాసి పట్టుకెళ్ళాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ జబ్బులు కూడా ఉన్నాయి. ప్రభుత్వ నిధులతో నడిచే బడులు, గుర్తింపు ఉన్న బడులు పిల్లవాడి అవసరాన్నిబట్టి తగిన సర్దుబాట్లు చేయాలని అందులో 16వ సెక్షన్ చెబుతోంది. అది చూపించి నాలుగు అడిగాను. ఆస్పత్రి తేదీలు ముందే ఇస్తాం, ఆ రోజు పరీక్ష ఉంటే వేరే రోజు రాయించాలి. పోయిన పాఠాల నోట్సు పక్కబల్ల అబ్బాయి దగ్గర ఇప్పించాలి. జబ్బు సెలవుల్ని హాజరు పట్టీలో విడిగా గుర్తించాలి. "మళ్ళీ హాస్పిటలా?" అని అందరిముందూ అడగకూడదు.

ఐదోది మావాడు చెప్పి రాయించాడు. "అక్కా, నేను రానిరోజు నా చోట్లో ఎవర్నీ కూర్చోబెట్టొద్దని రాయవే."

హెడ్‌మాస్టరు గారు కాగితం రెండుసార్లు చదివారు. ఐదోదానికి వెంటనే సరే అన్నారు. నోట్సుకీ, పరీక్షలకీ ఒప్పుకున్నారు. హాజరు సంగతి పైఆఫీసుకి రాస్తానన్నారు. జవాబు ఇంకా రాలేదు. నెలకోసారి వెళ్ళి అడుగుతున్నాను. మొన్న యూనిట్ టెస్టు మాత్రం వాడు రెండు రోజులు ఆలస్యంగా రాశాడు. లెక్కల్లో పాసయ్యాడు.

మనలో చాలామంది బి.ఎడ్. చేసి టీచర్లవుతాం. రేపు మీ హాజరు పట్టీలో ఒకే పేరు ఎదుట వరసగా 'ఆబ్సెంట్' కనిపిస్తే, సెలవు చీటీ కోసం చూడకండి. ఆ ఇంటివాళ్ళని ముందుగా మీరే పిలిచి, ఏ తేదీల్లో రాలేడో అడగండి. అడిగే భారం వాళ్ళకి తప్పుతుంది.