ఇంకను సాక్ష్యము కావలెనను ఉత్తరము

మీ బిడ్డ నిమిత్తము అమెరికా యజమాని హెచ్-1బి వీసా దరఖాస్తు పెట్టిన పిమ్మట, "ఇంకను సాక్ష్యము పంపుడి" అని అచ్చటి ప్రభుత్వము వ్రాసినయెడల, దానిని తిరస్కారమని యెంచి ఏడువకుడి. అది ప్రశ్నయే గాని తీర్పు కాదు. ప్రార్థన చేయుడి, పత్రములును వెదకుడి.

జవాబు పంపవలసినవాడు యజమానియే. గడువు ఆ ఉత్తరములోనే యుండును. 12 వారములకు మించి యియ్యరు, పొడిగింపరు. సగమిప్పుడు, సగము తరువాత అనుట చెల్లదు. అన్నియు ఒక్కసారే పంపవలెను. తరచుగా అడుగునది, ఈ చదువునకును ఈ పనికిని సంబంధమేమని. కావున పని వివరము యజమాని వ్రాయవలెను. డిగ్రీ పత్రములు, మార్కుల పట్టికలు మీ పెట్టెలోనుండి రావలెను.

మా పేరాలలో ఒక నేతపనివాని కుమారునికి ఇట్టి చిక్కు వచ్చినప్పుడు, చేయని ఉద్యోగమునకు అనుభవపత్రము తెచ్చెదనని ఒక మధ్యవర్తి సొమ్మడిగెను. తండ్రి మగ్గము తాకట్టు పెట్టుటకైనను సిద్ధపడి నాయొద్దకు వచ్చెను. అయ్యా, వలదంటిని. అబద్ధము బయటపడినయెడల ఈ దరఖాస్తే కాదు, ఆ దేశములో అడుగుపెట్టు అర్హతయే జీవితాంతము పోవచ్చును. ఆయన చాలసేపు మాటలాడలేదు. తుదకు మధ్యవర్తిని పంపివేసెను.

మీ బిడ్డది మూడేండ్ల డిగ్రీయైనచో, అది అచ్చటి డిగ్రీకి ఎంతవరకు సమానమో తేల్చు పత్రము వేరుగా కావలసివచ్చును. దానికి దినములు పట్టును గనుక ఉత్తరము అందిన వారమే మొదలుపెట్టుడి.