దొరకని ఆరవ డబ్బా

దువ్వాడ అంటే చాలామందికి రైలు కిటికీలోంచి కనిపించే ఒక పసుపు బోర్డు. హౌరా–చెన్నై మార్గంలో నడిచే కొన్ని దూరప్రయాణపు రైళ్ళు విశాఖపట్నం స్టేషనులోకి వెళ్ళకుండా ఇక్కడే ఆగి సాగిపోతాయి. లోపలికి వెళితే ఇంజనును ఈ చివరనుంచి ఆ చివరకు మార్చుకోవలసి వస్తుంది. అందుకే మా చుట్టాల్లో సగంమంది తెల్లవారుజామున సంచులతో దిగేది మా ఊళ్ళోనే. ఒక ప్రక్క 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం, మరో ప్రక్క 1989లో ఎగుమతుల కోసం ఏర్పడి తరువాత ప్రత్యేక ఆర్థిక మండలిగా మారిన పరిశ్రమల ప్రాంగణం. ఇది చూడదగిన ఊరని ఎవరూ అనరు. షిఫ్టులు చేసినన్నాళ్ళూ నేనూ అనుకోలేదు.

రిటైరైన తరువాత షుగరు వచ్చింది. ఉబ్బసం అంతకు ముందునుంచే ఉంది. రోజూ నడవమన్నారు డాక్టరుగారు. వారం రోజులు నడిచాను. ఎక్కడికీ వెళ్ళవలసిన పని లేకుండా నడవడమంత విసుగు మరొకటి లేదని అర్థమైంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

నిరుడు క్రిస్మసు సెలవులకు ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనుమడు వచ్చాడు. వాడే ఈ ఆట చెప్పాడు. దాని పేరు జియోకేషింగ్. ఎవరో ఒక చిన్న డబ్బా దాచి, అది ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు చెబుతారు. వాటిని బట్టి వెతికి, డబ్బాలోని చిన్న పుస్తకంలో సంతకం పెట్టి, మళ్ళీ అక్కడే ఉంచి రావాలి. అందులోంచి ఏదైనా తీసుకుంటే అంత విలువైనదే మరొకటి పెట్టాలి.

దీని పుట్టుక కూడా విచిత్రమే. అమెరికా ప్రభుత్వం ఉపగ్రహాల జీపీఎస్ సంకేతాలను సామాన్యులకు కావాలనే కొంత తప్పుగా అందించేది. 2000 మే 2న ఆ పద్ధతి మానివేసింది. ఆ మరునాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరిగన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్టు దాచి, దాని జాడ ఇంటర్నెట్టులో ప్రకటించాడు. కొద్ది రోజులకే దాన్ని వెతికి పట్టుకున్నవాళ్ళు వచ్చారు. అలా మొదలైన ఆట ప్రపంచమంతా ప్రాకింది.

“మన దువ్వాడ ఎక్కడుందో అంకెల్లో చెప్పు తాతా” అన్నాడు. చెప్పలేకపోయాను. సుమారు 17 డిగ్రీల 42 నిమిషాల ఉత్తర అక్షాంశం, 83 డిగ్రీల 9 నిమిషాల తూర్పు రేఖాంశం అట. అక్షాంశంలో ఒక నిమిషం అంటే దాదాపు 1,850 మీటర్లు. ఆ నిమిషాన్ని వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం రెండు మీటర్ల లోపే. చేతిలోని ఫోను ఆరుబయట అయిదారు మీటర్ల దగ్గరకు తీసుకువెళ్ళగలదు. ఆపైన కళ్ళే వెతకాలి.

ఆట బాగుంది గాని, మా ఊళ్ళో డబ్బా దాచడం నవ్వులాట కాదు. రైలు పట్టాలు, కర్మాగారం, ఆవల నౌకాదళం. ఎవరిదో తెలియని డబ్బా కనిపిస్తే పోలీసులు రావలసి వస్తుంది. రైలు మార్గాల దగ్గర, రక్షణ స్థలాల దగ్గర దాచకూడదని ఆ ఆట నియమాల్లోనే ఉంది. అందుకని మా స్టోర్సులో పనిచేసిన మిత్రుడొకాయన ఉపాయం చెప్పాడు. తెలిసినవాళ్ళ పెరళ్ళలో, అడిగి, తనే ఏడు డబ్బాలు దాస్తానన్నాడు. సెలవులు అయ్యేలోగా నేనూ మనుమడూ వెతకాలి. నడిచే వెతకాలి, దూరమైతే బస్సు.

మొదటిది చర్చి ఆవరణలో, అయ్యగారి అనుమతితో, నీళ్ళ కుండీ వెనుక దొరికింది. రెండవది కూర్మన్నపాలెంలో మంచం పట్టిన ఒక పెద్దమ్మగారి ఇంట జామచెట్టు కొమ్మల మధ్య. డబ్బా అయిదు నిమిషాల్లో దొరికింది, ఆమె మమ్మల్ని వదిలిపెట్టడానికి గంట పట్టింది. ఆమెను చూసి రెండేళ్ళయిందని అప్పుడు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. మూడవది, నాలుగవది ఉక్కునగరంలో చెట్ల నీడన నడిచి వెళితే పాత సహోద్యోగుల ఇళ్ళలో.

అయిదవదానికి డబ్బాయే లేదు. అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఎక్కి, మెట్లు లెక్కపెట్టి రావాలి. అది రక్షిత కట్టడం, అక్కడ ఏదీ దాచకూడదు. రాతిని తొలిచిన గుహలు, వాటిలో బుద్ధుని విగ్రహాలు, ప్రక్కనే లింగాలకొండ మీద రాతిలోనే మలచిన స్తూపాల వరుసలు. సంఘారామం అన్న మాటే శంకరం అయిందంటారు. ఇంత దగ్గరలో ఉండి నా జీవితంలో అదే మొదటిసారి చూడడం. మెట్ల లెక్క ఇద్దరికీ రెండు రకాలుగా వచ్చింది. మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కాం.

అక్కడే నాకు గర్వం పట్టింది. మరునాటినుంచి జలుబు. మూడు రోజులకు రాత్రిళ్ళు రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. మా ఇంటావిడకు చెప్పలేదు. వాడి సెలవులు ఇంకా నాలుగు రోజులే, రెండు డబ్బాలు మిగిలాయి.

ఆరవది మిత్రుని జీడితోటలో, కొండవాలున. ఆరు గంటలకే బయలుదేరాం. మంచు దట్టంగా పట్టి పదడుగుల ముందు మనిషి కనబడడం లేదు. ఎవరో చెత్త తగలబెట్టిన పొగ ఆ మంచులోనే నిలిచిపోయింది. “ఇంకా ఎనభై మీటర్లే తాతా” అన్నాడు. నలభై నడిచాను. తరువాత గాలి లోపలికి పోవడం లేదు. రాతి మీద కూలబడి జేబు తడుముకుంటే ఇన్‌హేలరు లేదు, నిన్నటి చొక్కాలో ఉండిపోయింది. పసివాడి ముఖం నా కళ్ళముందే తెల్లబోయింది. వాడు డబ్బా వైపు చూడనైనా చూడలేదు. వణుకుతున్న చేతులతో అమ్మమ్మకు ఫోను చేశాడు. మిత్రుడు ఆటో తెచ్చాడు. రెండు రోజులు ఆసుపత్రిలో నెబ్యులైజరుతో గడిచాయి.

డాక్టరుగారు కోప్పడతారనుకున్నాను. ఆయన నెమ్మదిగా వివరించారు. చల్లగాలి ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలను బిగదీస్తుంది. చలికాలపు తెల్లవారుజామున నేలమీది చల్లగాలి పైకి లేవదు, పొగా దుమ్మూ ముక్కు ఎత్తులోనే ఉంటాయి. కొండల మధ్య గిన్నెలా ఉన్న మన విశాఖ ప్రాంతంలో అది మరీ ఎక్కువ. కనుక ఈ నెలల్లో ఎండ వచ్చి మంచు విడిన తరువాతే నడక. జ్వరం గాని, రొమ్ములో కూతలు గాని ఉంటే ఆ రోజు నడక లేదు. తగ్గాక సగం దూరంతో మొదలుపెట్టాలి. నడుస్తూ మాట్లాడగలిగితే సరైన వేగం, మాట తెగిపోతుంటే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం. “లెక్క వారానికండీ, రోజుకు కాదు. రెండు రోజులు మానితే కొంప మునగదు” అన్నారు. ఇన్నాళ్ళూ ఒక రోజు తప్పితే అంతా పోయిందని మానేసేవాణ్ణి నేను.

బయలుదేరే రోజు దువ్వాడ ప్లాట్‌ఫారం మీద మనుమడు తన నోటుపుస్తకం చూపించాడు. ఆరవ డబ్బాకు ఎదురుగా “దొరకలేదు” అని రాసి, తేదీ వేశాడు. కొట్టివేయరా అన్నాను. “కాదు తాతా, దొరకనప్పుడు దొరకలేదనే రాయాలి. అది తప్పు కాదు. తరువాత వెతికేవాళ్ళకు, దాచినవాళ్ళకు పనికొస్తుంది” అన్నాడు. మూడు రోజుల జలుబును దాచిన తాతకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇంటికొచ్చి మా ఇంటావిడతో ఉన్నదంతా చెప్పాను.

ఫిబ్రవరి నెలాఖరున ఒక రోజు తొమ్మిది గంటలకు, ఇన్‌హేలరు జేబులో పెట్టుకుని, ఆవిడను వెంటబెట్టుకుని, జీడితోటకు మూడు మజిలీల్లో నడిచాను. డబ్బా రాళ్ళ సందున అలాగే ఉంది. మూత తీయలేదు. వేసవి సెలవుల్లో వాడూ నేనూ కలిసే తీస్తాం. అప్పుడు మాత్రం ఎండ ముదరకముందే ఉదయం వెళ్ళాలి, కాలాన్ని బట్టే మన వేళ.

చదువరులారా, మీ ఇంట్లోనూ నడవవలసిన పెద్దలు, ఫోను వదలని పిల్లలు ఉంటారు. నాలుగు డబ్బాలు, తెలిసినవాళ్ళ నాలుగు పెరళ్ళు చాలు. ఒకటి మాత్రం మంచం పట్టినవారి ఇంట దాచండి. ఒంట్లో బాగోలేని రోజున బాగోలేదని ముందే చెప్పండి. డబ్బా ఎక్కడికీ పోదు.