సినిమాహాలు కనిపించని చౌకు

పిల్లలూ, పటం తెరిచి ఇటలీ దేశాన్ని చూడండి. అది సముద్రంలోకి చాచిన బూటుకాలులాగా ఉంటుంది. ఆ బూటు మొన దగ్గరే, కాలితో తన్నటానికి పెట్టిన బంతిలాగా ఒక దీవి ఉన్నది. దాని పేరు సిసిలీ. మధ్యధరా సముద్రంలోని దీవులన్నిటిలోకీ పెద్దది ఇదే.

ఈ దీవిలో, కొండల నడుమ, పలాజో అద్రియానో అనే చిన్న ఊరున్నది. దేశదేశాలనుంచి జనం ఆ ఊరు చూడటానికి వస్తారు. వచ్చినవాళ్ళు ఊరి నడిమధ్యనున్న చౌకులో నిలబడి, నాలుగువైపులా కలయజూసి, "సినిమాహాలేదీ?" అని వెతుకుతారు. అది మాత్రం కనిపించదు!

లేని సినిమాహాలును వెతుక్కుంటూ అంతమంది ఎందుకు వస్తారు? ఆ సంగతి తెలియాలంటే మనం ముందు మరొక ఊరు వెళ్ళాలి. పదండి.

సిసిలీకి ముఖ్యపట్టణం పలెర్మో. అక్కడ రైలెక్కి, సముద్రతీరం వెంట తూర్పుగా పావుగంట ప్రయాణం చేస్తే బగేరియా వస్తుంది. పూర్వం ఈ ఊరి చుట్టూ నిమ్మతోటలు ఉండేవి. పలెర్మోలోని ప్రభువులు ఎండాకాలం గడపటానికి ఇక్కడ పెద్ద పెద్ద భవంతులు కట్టించుకున్నారు. 1715లో మొదలుపెట్టి కట్టిన పలగోనియా భవంతిని మీరు తప్పక చూడాలి. దాని గోడలమీద మరుగుజ్జులూ, వంకరమొహాల మనుషులూ, సగం మనిషీ సగం మృగమూ అయిన వింత ఆకారాలూ బారులు తీరి కూర్చుని ఉంటాయి, అన్నీ రాతిబొమ్మలే.

ఇటువంటి బొమ్మలమధ్య పెరిగిన పిల్లలకు కళ్ళు విప్పార్చుకుని చూడటం అలవాటు కావటంలో వింతేమున్నది? రెనాతో గుత్తూసో అనే గొప్ప చిత్రకారుడిదీ, ఫెర్దినాందో షన్నా అనే పేరుపొందిన ఫోటోగ్రాఫరుదీ ఈ ఊరే. 1956లో ఇక్కడే జుసెప్పె తొర్నతోరె అనే పిల్లవాడు పుట్టాడు. మన కథ వాడితోనే.

ఆ ఊళ్ళో మిమ్మో పింతకూదా అని ఒకాయన ఉండేవాడు. ఆయనకు రెండు పనులు వచ్చు. ఒకటి, ఫోటోలు తీయటం. రెండు, సినిమాహాలులో బొమ్మ వేయటం.

బొమ్మ వేయటమంటే ఏమిటో మీ తాతగారిని అడగండి. వారి చిన్నతనంలో మన పల్లెలకు టూరింగు టాకీసులు వచ్చేవి. డేరాలో నేలమీద కూర్చున్న వాళ్ళందరూ ముందున్న తెరనే చూసేవారు. వెనక నుంచి వెలుగు పంపించే మనిషిని ఎవరూ చూసేవారు కారు. ఆయనే ఆపరేటరు. ఆయన గదిలో ఒక యంత్రమూ, దానినిండా వేడీ, చక్రాలలాగా చుట్టిన ఫిలిం రీళ్ళూ ఉండేవి.

ఆ ఫిలిం అంతా చిన్న చిన్న ఫోటోలే. ఒక్కొక్క ఫోటో యంత్రంలోని దీపం ముందు రెప్పపాటు కాలం ఆగి, తెరమీద పెద్ద బొమ్మగా పడుతుంది. అది జరిగి మరొకటి వచ్చేలోపల తిరిగే రేకు ఒకటి వెలుగుకు అడ్డం వస్తుంది. సెకనుకు 24 ఫోటోలు ఇలా పోతుంటే వాటిని విడివిడిగా పట్టుకోవటం మనకు చేతకాదు. అందుచేత కదలని ఫోటోలలో గుర్రాలు పరుగెత్తుతాయి, మనుషులు నవ్వుతారు. రెండు గంటల సినిమాలో ఇటువంటి ఫోటోలు 1,72,800 ఉంటాయి. కావాలంటే లెక్కకట్టి చూడండి. ఆ ఫిలిం అంతా విప్పి రోడ్డు మీద పరిస్తే మూడు కిలోమీటర్లు దాటుతుంది!

పింతకూదా దగ్గర చేరి జుసెప్పె ఫోటోలు తీయటం నేర్చుకున్నాడు. ఆపరేటరు పని కూడా నేర్చుకుని, పెద్దవాడు కాకముందే సినిమాహాలులో బొమ్మ వేశాడు.

ఆ రోజులలో ఫోటో తీయటం ఈనాటిలాగా కాదు. ఈనాడు ఫోనుతో వంద ఫోటోలు తీసి, తొంభైతొమ్మిది తుడిచివేయవచ్చు. అప్పుడు కెమెరాలో ఫిలిం చుట్ట పెడితే వచ్చేవి 36 ఫోటోలు. ఒకటి పాడైతే పాడైనట్టే. అందుచేత మీట నొక్కకముందే బాగా చూడాలి. వెలుగు ఎటునుంచి పడుతున్నది? ముసలవ్వ తల ఎప్పుడు ఎత్తుతుంది? ఇంకొక్క అడుగు ముందుకు వేస్తే ఏం కనిపిస్తుంది? ఇవన్నీ పుస్తకంలో చదివితే సగమే తెలుస్తాయి. తెలిసినవారి పక్కన నిలబడి, వాళ్ళు చూసేవైపు మనమూ చూస్తే మిగతా సగం తెలుస్తుంది. కళ్ళు అందరికీ ఉంటాయి గాని, చూడటం కూడా ఒక విద్యే. దానికీ గురువు కావాలి.

జుసెప్పె పెద్దవాడై సినిమాలు తీసేవాడయ్యాడు. చిన్ననాడు తనకు విద్య నేర్పిన మనిషిని ఆయన మరిచిపోలేదు. పింతకూదాను మనసులో ఉంచుకుని ఆల్ఫ్రెదో అనే పాత్రను కల్పించాడు. 1988లో విడుదలైన ఆ సినిమా పేరు "సినిమా పారదీసో." పారదీసో అంటే స్వర్గం. అది కథలో ఉన్న సినిమాహాలు పేరు.

ఇక మనం కొండదారి పట్టి పలాజో అద్రియానో వెళదాం. ఈ సినిమాలో చాలా భాగం అక్కడే తీశారు.

పలెర్మోకు దక్షిణంగా, సికానీ కొండలలో ఉన్నది ఆ ఊరు. జనం రెండువేలమంది ఉంటారు. అయిదు వందల ఏళ్ళకు పూర్వం, తమ దేశాన్ని తురుష్కులు ఆక్రమించగా, సముద్రం దాటి వచ్చిన ఆల్బేనియావాళ్ళు ఈ ఊరిని నిలిపారు. అందుకే చౌకులో ఇప్పటికీ రెండు చర్చిలున్నాయి. ఒకదానిలో గ్రీకు పద్ధతిని, రెండవదానిలో లాటిను పద్ధతిని ప్రార్థనలు జరుగుతాయి. నడుమ ఎనిమిది పలకల రాతి ఫౌంటెన్ ఒకటి, నాలుగు వందల ఏళ్ళ నాటిది, ఇప్పటికీ ఉన్నది.

సినిమావాళ్ళు ఈ చౌకులోనే పారదీసో హాలును సెట్టుగా కట్టారు. సినిమా చూసినవాళ్ళు వెతికేది దానినే!

కథ ఇదీ. రెండవ ప్రపంచయుద్ధం ముగిసింది. యుద్ధానికి వెళ్ళిన తండ్రి తిరిగి రాలేదు. తల్లి కష్టపడి ఇల్లు నడుపుతున్నది. టోటో అనే ఆ యింటి కుర్రవాడు ఎప్పుడు చూసినా ఆపరేటరు గదిలోనే ఉంటాడు. ఆపరేటరు ఆల్ఫ్రెదో వాణ్ణి తరిమివేస్తాడు. వాడు మళ్ళీ వస్తాడు. చదువుకోని ఆల్ఫ్రెదో, పెద్ద వయసులో, చిన్నపిల్లలతోబాటు బెంచీలో కూర్చుని పరీక్ష రాయవలసివస్తుంది. జవాబులు తెలియక ఆయన టోటోవైపు దీనంగా చూస్తాడు. అదే అదననుకుని టోటో బేరం పెడతాడు: జవాబులు నేను చెబుతాను, యంత్రం నడపటం నువ్వు నేర్పాలి! పరీక్షలో కాపీ కొట్టటం తప్పే గాని, ఆ బేరంతో ఇద్దరికీ విడదీయరాని స్నేహం కుదురుతుంది.

ఒక రాత్రి హాలులో చోటు దొరకనివాళ్ళు చౌకులో గోల చేస్తూ ఉంటారు. ఆల్ఫ్రెదో ఒక గాజుపలకను ఏటవాలుగా తిప్పుతాడు. యంత్రంనుంచి వచ్చే వెలుగు దాని మీదపడి పక్కకు మళ్ళి, కిటికీలోగుండా బయటికి పోయి, చౌకులోని ఇంటిగోడమీద బొమ్మై కూర్చుంటుంది. జనం ఆనందానికి మేర ఉండదు. అంతలో ఫిలిం అంటుకుంటుంది. ఆనాటి ఫిలింను చేసే నైట్రోసెల్యులోజుకు మండటానికి గాలి కూడా అక్కరలేదు. ఆక్సిజను దానిలోనే ఉంటుంది. అందుచేత నీళ్ళు పోసినా ఆరదు. జనమంతా బయటికి పరుగెత్తుతుంటే టోటో ఒక్కడూ లోపలికి పరుగెత్తి, తనకు నాలుగింతలున్న ఆల్ఫ్రెదోను మెట్లమీదుగా ఈడ్చుకు వస్తాడు. ఆయన ప్రాణం దక్కుతుంది, చూపు మాత్రం పోతుంది. ఇక బొమ్మ వేయవలసినవాడు టోటోయే.

వాడు పెద్దవాడైన తరువాత, చూపులేని ఆల్ఫ్రెదోయే వాడికి ముందుదారి చూపిస్తాడు. "ఈ ఊరు విడిచి వెళ్ళు, తిరిగి రాకు" అని గట్టిగా చెబుతాడు. ప్రేమించేవాడు తిరిగి రావద్దంటాడా అని మీరు అడగవచ్చు. తనకు తోడుగా ఉంటే చాలుననుకుంటే వాణ్ణి ఆ చిన్నగదిలోనే ఉంచుకునేవాడు. వాడు తనకన్న పెద్దవాడు కావాలనుకున్నాడు గనకనే పొమ్మన్నాడు. ముప్ఫై ఏళ్ళ తరువాత టోటో వచ్చేసరికి ఆల్ఫ్రెదో లేడు. వాడికోసం ఆయన దాచి ఉంచిన ఒక రీలున్నది. అందులో ఏమున్నదో నేను చెప్పను. కాస్త పెద్దయ్యాక మీ అమ్మానాన్నలతో కూర్చుని మీరే చూడండి.

ఈ సినిమా ఇటలీలో విడుదలైనప్పుడు ఎవరూ ఆదరించలేదు. అప్పుడు అది రెండున్నర గంటలకు పైగా ఉండేది. తొర్నతోరె నిరుత్సాహపడి ఊరుకోక, అరగంట మేర కత్తిరించి మళ్ళీ పంపాడు. 1989లో కాన్ చిత్రోత్సవంలో దానికి బహుమతి వచ్చింది. 1990లో అమెరికావారి ఆస్కారు బహుమతి, ఇతర భాషల చిత్రాలకిచ్చేది, వచ్చింది. తన శిష్యుడి పేరు లోకమంతటా మారుమోగటం పింతకూదా చూశాడు. ఆయన 2013లో చనిపోయాడు.

టోటోగా నటించిన సాల్వతోరె కాషో ఎక్కడివాడనుకున్నారు? పలాజో అద్రియానోవాడే! సినిమా తీసేనాటికి వాడికి ఎనిమిదేళ్ళు. తరువాత వాడికి నటనలో బ్రిటిషువారి బహుమతి కూడా వచ్చింది. కాని పెద్దవాడైనకొద్దీ ఒక కంటిజబ్బువల్ల అతని చూపు బాగా మందగించింది. సినిమాలో ఆల్ఫ్రెదోకు పట్టిన గతి, నిజజీవితంలో టోటోకు పట్టింది. చాలాకాలం అతను ఆ సంగతి నలుగురికీ తెలియనివ్వలేదు. చివరకు ధైర్యం తెచ్చుకుని, 2022లో తన జీవితకథను పుస్తకంగా వేసి, దాచినదంతా చెప్పివేశాడు.

ఇప్పుడు మళ్ళీ చౌకుకు వద్దాం. సాయంకాలమయింది. ముసలివాళ్ళు బెంచీలమీద కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. ఫౌంటెన్ నీళ్ళు గలగలమంటున్నాయి. సినిమాకోసం కట్టిన హాలును సినిమాలోనే కూల్చివేశారు గనక దాని జాడ లేదు. పక్కనే ఉన్న చిన్న మ్యూజియంలో సినిమా తీసినప్పటి ఫోటోలున్నాయి, అంతే. అయినా జనం వస్తూనే ఉన్నారు. హాలు లేకపోయినా అందులో పుట్టిన స్నేహం వాళ్ళకు గుర్తున్నది.

ఆల్ఫ్రెదోవంటివాళ్ళు మీ ఊళ్ళోనూ ఉండి ఉంటారు. ఒకప్పుడు సినిమాహాలులో బొమ్మ వేసినవారు కావచ్చు, పాతకాలపు స్టూడియోలో పెళ్ళి ఫోటోలు తీసినవారు కావచ్చు, గడియారాలు బాగుచేసేవారు కావచ్చు. వాళ్ళ పనిని ఇప్పుడు ఎవరూ అడగటం లేదు. ఈ ఆదివారం మీ అమ్మానాన్నలను తోడు తీసుకుని అటువంటివారి దగ్గరికి వెళ్ళండి. "తాతగారూ, ఇది ఎలా చేసేవారో నాకు చూపిస్తారా?" అని అడగండి. మొదట, ఎందుకురా నీకు, అని కసురుతారేమో. ఆల్ఫ్రెదో కూడా మొదట కసిరాడు. మీరు మాత్రం టోటోలాగా మళ్ళీ వెళ్ళండి.