చెక్కింటి ముచ్చట

దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటులో కాపురం చేస్తూ అడవిలో కుటీరం కోసం కలలు కనడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? కిటికీ తెరిస్తే మెట్రో వంతెన, మూస్తే ఉక్క. ఒకప్పుడిక్కడ దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అనే ఆయన పొలాలుండేవట. పేటకు ఆయన పేరు మిగిలింది గానీ పొలాలు మిగల్లేదు.

హయత్‌నగర్ దాటాక మాకో చిన్న జాగా ఉంది. మూడు వేపచెట్లు, ఎవరూ నాటకుండానే మొలిచిన సీతాఫలం పొదలు, ఏనుగు పడుకున్నట్టు ఓ పెద్ద బండ. బేరానికి వచ్చిన ప్రతివాడూ "ఆ బండ పేల్చేస్తే ప్లాటు చదునవుతుంది మేడమ్" అనేవాడు. హైదరాబాదు చుట్టుపక్కల రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని ఎక్కడో చదివాను. అంత పెద్దవాళ్ళను లేవగొట్టి మనం కూర్చోవడమేమిటి? మావారికి ఈ తర్కం నచ్చలేదు. అయినా ఊరుకున్నారు.

అక్కడికి వెళ్ళాలంటే ఎల్.బి.నగర్ దాటి, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి పక్కనుంచి వెళ్ళాలి. నిజాంల కాలంలో వేటకు వాడిన ఆ నేలను 1975లో కృష్ణజింకల కోసం కేటాయించారు. ఎండాకాలంలో అదంతా బూడిదరంగు, ఎండుగడ్డి రంగు. రెండు వానలు పడ్డాయంటే నమ్మలేనంత పచ్చన. నా ఇల్లు కూడా ఆ రంగుల్లో కలిసిపోవాలనీ, దూరం నుంచి చూసినవాళ్ళకు అది ఇల్లో, చెట్టునీడో ఠక్కున తెలియకూడదనీ నా ఆశ.

ఆశ అదే గానీ, తీరా కాగితం మీద గీసింది మాత్రం క్యాలెండరులోని స్విట్జర్లాండు బొమ్మ! కోసుగా నిలబడ్డ కప్పు, పడమటి వైపంతా అద్దాలు. వడ్రంగి ఆచారిగారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇంత వాలు మంచు జారటానికమ్మా. మనకు మంచు యాడ పడ్తది? పెంకుకు కొంచెం వాలు చాలు. పడమటికి అద్దాలు పెడితే ఎండకాలం పొయ్యిల కూసున్నట్టే."

"మరెలా కట్టాలి ఆచారిగారూ?"

"మీ అమ్మగారింటి లెక్క కట్టాలె. చూరు మూడడుగులు ముందుకు రావాలె. కట్టెకు మన్ను తగలొద్దు, తగిలితే చెదలే. కింద గాలి ఆడాలె. పలకల నడుమ సందు ఉంచాలె. వానకాలం కట్టె ఒళ్ళు చేస్తది, ఎండకాలం చిక్కుతది."

మీ ఇంట్లో శ్రావణమాసంలో తలుపులు బిగుసుకుపోతాయా? అదన్నమాట సంగతి.

ఇంతలో మా అన్నయ్య ఫోను చేశాడు. నల్లగొండ జిల్లాలోని మా పాతిల్లు పడగొడుతున్నారట. గూనపెంకుల మండువా ఇల్లు. మా తాతయ్య కట్టించినది. అమ్మ సంతకం పెట్టి నెలయిందట! మా ఇంట్లోనే ఉంటూ, రోజూ నాతో కూరగాయలు తరుగుతూ, ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే, "చెప్తే నువ్వు ఏడుస్తవు. నిన్ను చూసి నేనేడుస్త. ఎందుకది?" అంది.

కలపనంతా కొనడానికి పాతసామానువాడు సిద్ధంగా ఉన్నాడు. వాడికంటే ముందు నేను లారీ మాట్లాడాను.

బి.ఏ.లో థోరోను చదివినప్పుడు నాకు గుర్తుండిపోయింది ఏకాంతం ఒక్కటే. ఇప్పుడు తీసి చూస్తే కలప లెక్క కంటపడింది. 1845లో వాల్డెన్ చెరువు దగ్గర ఆయన కట్టుకున్న గది పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు. దాని పలకల కోసం జేమ్స్ కాలిన్స్ అనే రైలుకూలీ గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొన్నాడు. విప్పి, పలకలను గడ్డిమీద ఎండకు పరిచాడు. ఆ కాలిన్స్ కుటుంబం పొద్దున్నే ఉన్నదంతా మూటగట్టుకుని వెళ్ళిపోయింది, ఒక్క పిల్లి తప్ప. ఆ ఇల్లాలి మొహం ఆ ఉదయం ఎలా ఉండి ఉంటుందో చదువుకునే రోజుల్లో నాకు తట్టలేదు.

మా వేపచెట్ల కింద ఆచారిగారు కూడా దూలాలు, వాసాలు ఎండకు పరిచారు. టేకు చేవ చెక్కుచెదరలేదు. నట్టింటి స్తంభానికి మాత్రం అడుగున చెదపట్టింది. ఆయన సుద్దముక్కతో మూడడుగుల మీద గీత పెట్టి, "ఈడికి కోసేద్దాం" అన్నారు.

బండమీద కూర్చున్న అమ్మ గబుక్కున లేచి వచ్చింది.

ఆ స్తంభం మీద నాన్న మా ఎత్తులు గుర్తు పెట్టేవారు. ప్రతి సంక్రాంతికీ చాకుతో ఒక గాటు. పైన అన్నయ్యవి, తర్వాత నావి. అన్నిటికంటే కింద, రెండుమ్ముప్పావు అడుగుల దగ్గర, ఒకే ఒక్క గాటు. మా చిన్నతమ్ముడిది. మరుసటి సంక్రాంతి వాడికి రాలేదు. జ్వరమొచ్చి రెండు రోజుల్లో పోయాడు. ఇంట్లో వాడి ఫోటో కూడా లేదు.

అమ్మ ఏమీ అనలేదు. సుద్దగీతకు కిందనున్న ఆ గాటుమీద వేలు పెట్టి నిలబడింది.

ఆచారిగారు ఆమె వైపు ఒకసారి చూసి, ఉలి తీసుకుని కిందినుంచి పొడుస్తూ వచ్చారు. పొట్టు, పొట్టు, మళ్ళీ పొట్టు. గాటుకు నాలుగు వేళ్ళ కింద ఉలి టంగుమంది.

"గట్టిగనే ఉన్నదమ్మా. ఈడికే కోద్దాం."

"అప్పుడు గాట్లన్నీ కిందికి దిగిపోతాయిగా?" అన్నాను నేను.

"ఎందుకు దిగుతయి? కోసినంత ఎత్తు రాతిదిమ్మె పెడ్త. కట్టెకు మన్ను తగలదు, పిల్లల ఎత్తులు మారయి."

ఇల్లు పూర్తయింది. ఇల్లంటే ఒక్క గది, ముందొక వరండా. బండ జోలికి పోలేదు. వరండానే దాని పక్కనుంచి వంపు తిరిగింది. ఒక వేపకొమ్మ కోసం చూరులో గంటు పెట్టారు. వార్నిషు వెయ్యలేదు కాబట్టి పలకలు అప్పుడే కాస్త బూడిదరంగుకు తిరుగుతున్నాయి. పాతకలపకు ఇంత ఖర్చా అని మావారు లెక్కలు వేస్తూనే ఉన్నారు. నిజమే, ఆ డబ్బుకు సిమెంటు గదులు రెండు వచ్చేవి.

ఆదివారాలు అమ్మ ఆ స్తంభానికి ఆనుకుని, రాతిదిమ్మె పక్కన చాప వేసుకుంటుంది. మొన్న మా అన్నయ్య మనవడు తప్పటడుగులు వేస్తూ వచ్చి స్తంభాన్ని పట్టుకున్నాడు. అమ్మ వాణ్ణి నిటారుగా నిలబెట్టి, నెత్తిమీద అరచెయ్యి పెట్టి, నన్ను చాకు తెమ్మంది.