ఎవరు గొప్ప?



నేను పల్లెటూరి బడిలో ముప్పది నాలుగు సంవత్సరములు తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. ర్యాప్ పాటలను గూర్చి వ్రాయుటకు నాకు ఏ అర్హతయు లేదు. అయినను 2024 వేసవిలో, అమెరికా దేశమున న్యూజెర్సీలోనున్న మా అమ్మాయి యింట జరిగిన ఒక చిన్న సంగతి నా మనస్సును విడువకున్నది. అది మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఒక ఆదివారము భోజనములైన పిమ్మట మా మనుమడును, వాని పెదనాన్న కుమారుడును బల్లయొద్దనే కూర్చుండి వాదము మొదలుపెట్టిరి. ర్యాప్ పాడువారిలో ఎవరు గొప్ప, ఆల్బములలో ఏది గొప్ప అనునదే ఆ వాదము. మనుమడు నాస్ పక్షము, పెద్దవాడు టూపాక్ పక్షము. మా అమ్మాయి వంటయింటిలోనుండి, “లారిన్ హిల్ పేరు ఎవరూ ఎత్తరేమిరా? ఈ న్యూజెర్సీలోనే పెరిగిన పిల్ల గదా!” అని కేకవేసెను. అందరును నవ్వితిమి. అంతవరకు బాగుగనే యుండెను.

గంట గడచునప్పటికి గొంతులు హెచ్చెను. పెద్దవాడు, “అన్నీ అమర్చిన ఇంట్లో పెరిగావు. టూపాక్ బాధ నీకేం తెలుస్తుంది?” అనెను. మా వాడు ఊరకుండలేదు. “మీ నాన్నకు ఉద్యోగం పోయిందని మా మీద పడి ఏడుస్తావెందుకు?” అనెను. ఇక ఎవరును మాటలాడలేదు. పెద్దవాడు లేచి, తిన్న కంచము తీసి తొట్టిలో పెట్టి, తలుపు తెరచుకొని వెడలిపోయెను.

ఆ రాత్రి నేను మనుమని గదికి వెళ్లి, “ఏమిరా, ఈ ర్యాప్ అంటే ఏమిటో నాకు మొదటినుంచి చెప్పు” అని అడిగితిని. గద్దించిన యెడల వాడు చెవి మూసికొనునని నాకు తెలియును. వాడు చెప్పినదియు, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదియు కలిపి చెప్పెదను.

1973 ఆగస్టు 11న న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ అను పేటలో, సెడ్జ్‌విక్ వీధి 1520వ నంబరు మేడలో ఒక చిన్న విందు జరిగెను. బడి తెరచుటకు ముందు క్రొత్త బట్టలు కొనుక్కొనుటకై ఒక అమ్మాయి ఆ విందు పెట్టి, వచ్చినవారియొద్ద కొద్ది రుసుము తీసికొనెను. జమైకానుండి వచ్చిన ఆమె అన్న క్లైవ్ క్యాంప్‌బెల్ రికార్డులు వేసెను. ఆయనను కూల్ హెర్క్ అందురు. పాట ఆగి వాద్యము మాత్రమే మ్రోగు చిన్న భాగమును ఆయన రెండు యంత్రములతో మరల మరల వినిపింప సాగెను. ఆ లయమీద ప్రాసగూర్చి మాటలు పలుకుటయే ర్యాప్ ఆయెను. నల్లజాతివారి సంఘములలో బోధకుడు ఒక మాట పలుకగా జనులు బదులు పలుకు పద్ధతికిని దీనికిని చుట్టరికము కలదని చెప్పుదురు. వినినప్పుడు నాకైతే మన బుర్రకథకుడు డక్కీల మ్రోతమీద గబగబ చెప్పు వచనము జ్ఞాపకము వచ్చెను.

బీదవారి పేటలలో పుట్టిన ఈ విద్య ఎంత దూరము పోయెనో చూడుడి. లారిన్ హిల్ 1998లో చేసిన ఆల్బము, ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమని 1999లో గ్రామీ బహుమానము పొందెను. హిప్‌హాప్ ఆల్బమునకు ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. 2018లో కెండ్రిక్ లమార్‌కు పులిట్జర్ బహుమానము వచ్చెను.

ఇక మా పిల్లల వాదమునకు వచ్చెదను. నాస్ తన మొదటి ఆల్బము ‘ఇల్‌మాటిక్’ను 1994లో, ఇరువదియేండ్ల వయస్సున వెలువరించెను. తాను పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జి అను సర్కారు యిండ్ల సముదాయమును అందులో చిత్రించెను. అంతయు కలిపి నలువది నిమిషములు మించదు. ఒక్క మాటయు వ్యర్థము కాదని మా వాని వాదము. టూపాక్ ఆల్బము ‘మీ ఎగెయిన్‌స్ట్ ద వరల్డ్’ 1995లో, ఆయన చెరసాలలో నుండగా అమ్మకములలో మొదటి స్థానమున నిలిచెను. అందులో ‘డియర్ మామా’ అను పాట కలదు. మత్తుమందుకు లోబడియు, లేమిలో తన్ను పెంచిన తల్లికి కుమారుడు చెల్లించిన కృతజ్ఞత అది. తల్లిని తలంచి ఏడ్పించలేని పనితనము ఎందుకని పెద్దవాని వాదము.

విని నేను నవ్వుకొంటిని. పోతన గొప్పా, శ్రీనాథుడు గొప్పా అని నా తరగతిలో పిల్లలు వాదించునప్పుడును ఇంతే. ఒకడు పనితనమును కొలుచును, మరియొకడు గుండె తడిని కొలుచును. ఒకని చేతిలో మానిక, రెండవవాని చేతిలో మూరకోల. ఏండ్ల తరబడి కొలిచినను లెక్క కుదురదు.

అయితే వాడు చెప్పిన మరియొక సంగతి విని నా నవ్వు ఆగిపోయెను. టూపాక్‌ను, బిగ్గీ అను న్యూయార్కు గాయకుడును మొదట స్నేహితులు. 1994లో టూపాక్‌పై కాల్పులు జరిగిన పిమ్మట అనుమానము పుట్టి అది వైరమాయెను. పాటలలో తిట్టుకొనిరి. దేశపు తూర్పు తీరమువారు ఒక పక్షము, పడమటి తీరమువారు ఒక పక్షము అయిరి. 1996 సెప్టెంబరులో లాస్ వేగాస్ నగరమున టూపాక్ కాల్చబడి చనిపోయెను. వయస్సు 25. ఆరు నెలలకు, 1997 మార్చి 9న, లాస్ ఏంజిలస్ నగరమున బిగ్గీ కాల్చబడెను. వయస్సు 24. ఆ చావులకు వైరమే కారణమని నేను తీర్పు చెప్పను. ఇద్దరు తల్లులు కడుపుకోతకు గురియైరి. అది మాత్రము నిజము.

నాస్‌కును జే‌-జీ అను గాయకునికిని 2001లో ఇట్టి వైరమే కలిగెను. వారును పాటలలో ఘోరముగా దూషించుకొనిరి. అయితే 2005లో, ఈ న్యూజెర్సీలోనే, వేలమంది యెదుట ఒకే వేదికపై నిలిచి సమాధానపడిరి. ఇద్దరును బ్రతికి తల నెరసినవారైరి.

అప్పుడు నేను ఎవరికిని చెప్పని నా సంగతి మనుమనికి చెప్పితిని. 1967లో నేను ఉపాధ్యాయ శిక్షణలో నుండగా నాకు ప్రాణమువంటి స్నేహితుడుండెను. అతనికి రామారావుగారు, నాకు నాగేశ్వరరావుగారు. ఒకనాడు కాఫీ దుకాణములో ఆ వాదము ముదరగా, అతని తండ్రి నాయింట కూలి చేసిన సంగతి పదిమందిలో ఎత్తితిని. అతడు కాఫీ గ్లాసు దించి వెళ్లిపోయెను. పందొమ్మిది సంవత్సరములు మేము మాటలాడుకొనలేదు. నేనే వెళ్లవలెనని ఎన్నిసార్లు అనుకొంటినో! 1986లో జబ్బు చేసెనని విని బయలుదేరితిని. నేను చేరునప్పటికి భూస్థాపన జరిగి ఒక దినమాయెను. సినిమా పేరు కూడ ఇప్పుడు నాకు జ్ఞాపకము లేదు. నేనన్న మాట మాత్రము అక్షరము తప్పక జ్ఞాపకమున్నది.

మనుమడు చాల సేపు తల వంచుకొని కూర్చుండెను. మరునాటి సాయంకాలము, “తాతయ్యా, నాతో వస్తారా?” అని కారు తాళములు తీసికొనెను.

పెద్దవాడే తలుపు తీసెను. మా వాడు గుమ్మములోనే నిలిచి, “అన్నా, పాట సంగతి వేరు. పెదనాన్న గురించి అనకూడని మాటన్నాను. తప్పయింది” అనెను. పెద్దవాడు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, “లోపలికి రా. నాస్ గొప్ప అని మాత్రం అనకు” అనెను. లోపల పెదనాన్న నాకు కుర్చీ వేసి, ఏమియు ఎరుగనివానివలె కాఫీ తెచ్చెను. ఆయన అంతయు ఎరిగియుండెనని నా తలంపు.

ఆ సాయంకాలము పిల్లలు నాకొక పట్టిక చూపిరి. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు భద్రపరచదగిన ధ్వనిముద్రణలను ఏటేట ఎంచుదురు. ‘డియర్ మామా’ 2010లో చేరెను, ‘ఇల్‌మాటిక్’ 2021లో చేరెను, బిగ్గీ మొదటి ఆల్బము 2024లో చేరెను. లారిన్ హిల్ ఆల్బమును అందున్నది. ఆ పట్టికలో ఒకటవది, రెండవది అను వరుస లేదు. అన్నియు ఒకే కప్పుక్రింద నున్నవి.

చదువరులారా, మీ పిల్లలు పాటగాండ్రను గూర్చియో, నటులను గూర్చియో వాదించినయెడల వారింపకుడి. ప్రేమించినదానికొరకు వాదించుట యౌవనమునకు సహజము. అయితే మాట పాటను విడిచి ఎదుటివాని తండ్రిమీదికి, వాని లేమిమీదికి పోయిన గడియను కనిపెట్టుడి. ఆ రాత్రియే వానిని వెంటబెట్టుకొని ఆ గుమ్మమునకు వెళ్లుడి. నేను పందొమ్మిది సంవత్సరములు ఆలస్యము చేసితిని.