చీర ఉల్టా చూపెట్టు

2025 సెప్టెంబరు 21, ఆదివారం
ఎంగిలిపూల బతుకమ్మ

పొద్దుగాల కూసున్న కుట్టు మిషన్ మీంచి దీపాలు పెట్టే యాళ్ళకు లేచిన. బతుకమ్మకు ఏటా ఉండేదే ఇది. మారింది సంచులు. ఇదివరకు చీరలు పరకాల దుకాణాల సంచులల్ల వచ్చేటియి, మరీ మంచియైతే హన్మకొండవి. ఈసారి ఎక్కువ శాతం చిరునామా కాయితం అంటించిన ప్లాస్టిక్ కవర్లే. పంపినోళ్ళ ఊరు చదివితే సూరత్, మళ్ళా సూరత్.

పక్కింటి అక్క 299 రూపాయల చీర పట్టుకొచ్చింది. లైనింగ్ ఏసి జాకెట్ కుడితే నా కూలి 350. “చీరకంటె కుట్టుకూలి పిరమైతే ఎట్లనే చెల్లే?” అన్నది. సూరత్‌ల మిల్లు దినానికి ఎన్ని చీరలు దింపుతదో, నేను ఎన్ని జాకెట్లు దించుతనో నువ్వే లెక్కేసుకో అన్న. నవ్వి యాభై తక్కువిచ్చి పోయింది.

సెప్టెంబరు 23, మంగళవారం

పెద్ద కంపెనీలు రెండింటివీ పండుగ సేల్ ఇయ్యాల్టి నుంచే. నిన్నటి నుంచి జీఎస్టీ తగ్గిందని ఫోన్ నిండ మెసేజ్‌లు. నా కొడుకు కూసోబెట్టి చెప్పిండు: రెడీమేడ్ బట్టలకు ఇదివరకు వెయ్యి దాకనే 5 శాతం, ఇప్పుడు 2,500 దాకా అంతే. అది దాటితే 12 పోయి 18 పడ్డది. మరి మామూలు చీరకు ముందు నుంచి 5 శాతమే కదా, తగ్గిందెక్కడ? ఆ సంగతి ఏ ప్రకటనల రాస్తలేరు.

సేల్ సంగతి అట్లుంచితే, రాత్రి ఎదురింటి పిల్ల నాకు ఇంకో బజారు చూపెట్టింది. హన్మకొండల డిగ్రీ చదువుతది, పండుగకు వచ్చింది. యూట్యూబ్‌ల చీరల లైవ్. ఒకామె నిలవడి చీరల కట్ట ముందరేసుకొని ఒక్కొక్కటి విప్పుతాంది. “సింగిల్ పీసే ఉంది అక్కా, కావాల్సినవాళ్ళు స్క్రీన్‌షాట్ తీసి పైన నంబర్‌కి వాట్సాప్ చేయండి.” ముందుగాల ఎవరిది చేరితే చీర వాళ్ళదే. పైసలు ఫోన్‌పేల కొట్టాలె. పార్సిల్ విప్పేటప్పుడు ఆపకుంట వీడియో తియ్యాలె, అది లేకుంటె వాపసు మాట ఎత్తద్దు.

నాకు ఆప్‌లకంటె ఇదే నచ్చింది. ఆప్‌ల ఫోటో కదలదు, బొమ్మకు కట్టినట్టు ఉంటది. లైవ్‌ల బట్ట జారుడు కండ్లకు కనబడతది, మెత్తగున్నదా గంజి పెట్టి బిగిసిందా తెలుస్తది. “పోచంపల్లి ఇక్కత్” అని ఒకటి ఎత్తంగనే “చీర ఉల్టా చూపెట్టమ్మా” అని టైప్ చేయించిన. ఇక్కత్‌కు నేసేముందే నూలుకు రంగులు ఎక్కిస్తరు. అందుకే రెండు దిక్కులా ఒక్క తీరు రంగు ఉంటది. అచ్చు కొట్టింది ఎన్క పక్క వెలవెలబోతది. ఇంకోటి అంచు. మగ్గం మీద బట్ట ముడుచుకుపోకుంట రెండు అంచులు గుంజి పట్టేందుకు సూదుల కర్ర పెడతరు కదా, దాని బొక్కలు అంచు పొడుగునా సన్నగ కనబడతయి. జాకెట్ ముక్క కత్తిరిస్తాంటే నా వేలికి తగిలేవి అవి. ఫోన్‌ల తగలవు గనుక దగ్గరికి తెమ్మనాలె. ఆమె ఉల్టా తిప్పింది. వెలవెలబోయింది. అయితే మంచి మనిషి, “ఇది ప్రింటెడ్ అక్కా, అందుకే ఈ రేటు” అని ఒప్పుకున్నది. 2005ల జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిన చీర పేరు ఇప్పుడు ఏ అచ్చు బట్టకు పెట్టినా అడిగేటోడు లేడు.

సెప్టెంబరు 25, గురువారం

బాపుకు లైవ్ సంగతి చెప్తే “ఇది మా వీపీపీయే” అన్నడు. బాపు పోస్టాఫీసుల చేసిండు. పత్రికల ప్రకటన చూసి కార్డు ముక్క రాస్తే వస్తువు పార్సిల్‌ల వచ్చేది, పైసలు పోస్టుమాన్ చేతిల పెడితేనే చేతికిచ్చేది. ఇంగ్లీషోళ్ళ కాలంల, 1877 నుంచే ఉన్నదట. గడియారాలు, పుస్తకాలు, జుట్టు నూనెలు. “కట్టినంకనే విప్పాలె బిడ్డా. లోపల రాయి ఉన్నా పోస్టుమాన్‌కు సంబంధం లేదు,” అన్నడు. ఇంటికొచ్చినంక పైసలిచ్చుడు ఫ్లిప్‌కార్ట్ 2010ల మొదలువెడితే అందరు కొత్త సంగతన్నరు. ఆ కంపెనీ అమ్మిన మొట్టమొదటి పుస్తకం, 2007ల, మన మహబూబ్‌నగర్‌కే వచ్చిందని నా కొడుకు చెప్పిండు. జాన్ వుడ్ అనే ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకమట. బాపు దానికి ఆశ్చర్యపడలేదు. “పుస్తకం దొరకని ఊరోడే కదా తెప్పిచ్చుకునేది” అన్నడు.

సెప్టెంబరు 28, ఆదివారం

గల్లీ చివరి పెద్దమ్మకు డాలస్ నుంచి బిడ్డ చీర పంపింది. అక్కడ కూసొని ఇక్కడి కంపెనీల బుక్ చేస్తే మా టేకుమట్లకు మూడు దినాలల్ల వచ్చింది. రేటు కాయితం లేకుంట, లోపల చిన్న అట్ట మీద “అమ్మకు” అని అచ్చేసి. చీర బాగనే ఉన్నది. పెద్దమ్మ మొకంల మాత్రం సంతోషం లేదు. మనుమరాలికి లంగా జాకెట్ కుట్టిచ్చి పంపుదామని ఆమె ఆశ. అమెరికా 800 డాలర్ల లోపటి పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. దానికి ముందే 25 నుంచి మన తపాలా అక్కడికి పార్సిళ్ళు తీసుకునుడు బంద్ చేసింది. ప్రైవేటు కొరియరోళ్ళు అడిగే పైసలకు ఇంకో నాలుగు లంగాలు వస్తయి. “వాళ్ళు పంపుతె వస్తది, మనం పంపుతె పోదు. ఇదేం న్యాయమే?” అన్నది. సమాధానం నా దగ్గర లేదు. కొలతలు మాత్రం తీసుకుందాం అన్న.

అక్టోబరు 7, మంగళవారం

కోమటి వదినె ఫోన్ తెచ్చింది. ఫేస్‌బుక్‌ల “గద్వాల పట్టు 499 మాత్రమే”. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు; మగ్గం మీదనే రెండిటిని కలుపుతరు. ఆ కలుపుడు కూలి కూడ రాదు 499కి. కిందికి గుంజి చూస్తే చిరునామా లేదు, ఇంటికొచ్చినంక పైసలిచ్చే వీలు లేదు, ముందుగాల కొట్టాల్సిందే. మూసెయ్యమన్న. ఇసోంటి వాటిల పైసలు పోతే ఆలస్యం లేకుంట 1930కి కొట్టాలని, సామాను తేడా వస్తే 1915 అని మిషన్ ముందర గోడ మీద రాసి పెట్టిన. జాకెట్ కోసం వచ్చినోళ్ళంత చదువుతరు.

అక్టోబరు 18, శనివారం

పదిహేను నుంచి అమెరికాకు తపాలా మళ్ళా తీసుకుంటాంది! వంద డాలర్ల లోపటి బహుమానానికి సుంకం లేదట. పెద్దమ్మ పరుగు పరుగున వచ్చింది. రాత్రి వీడియో కాల్ పెట్టినం. అక్కడ పొద్దున. పిల్ల నిలవడమంటె నిలవడది, ఎగురుతాంది. తల్లి టేపు చంకల కింద నుంచి కాకుంట చేతుల మీది నుంచి తిప్పి ఇరవై తొమ్మిది అన్నది. ఆరేళ్ళ పిల్లకు ఇరవై తొమ్మిదెట్ల? చేతులు పైకి లేపిచ్చి మళ్ళా పట్టిచ్చిన, ఇరవై నాలుగు. టేపు మీద అంకె ఫోన్‌కు దగ్గర పెట్టమని ప్రతిసారి నేనే చదివిన. జాకెట్‌కు రెండు పక్కల రెండేసి అంగుళాల బట్ట లోపల మడిచిపెడుతున్న, లంగాకు కింద రెండు మడతలు. పోయేసరికి పిల్ల పెరుగుతది కదా. విప్పుకునే కుట్టు ఎక్కడుందో తల్లికి తెలువాలని అక్కడ ఎర్ర దారంతోని కుట్టిన.

అక్టోబరు 30, గురువారం

మొంథా తుఫాను. వరంగల్ నీళ్ళల్ల ఉన్నదని టీవీల చూపెడుతున్నరు. ఏరని పత్తి చేన్లల్లనే నల్లబడతాంది. ఇసోంటప్పుడు చీర పార్సిల్ రాలేదని అడిగేటోళ్ళు కూడ ఉన్నరు. డెలివరీ పిలగాడు ఫోన్ ఎత్తి “అక్కా, బండి నడుం లోతు నీళ్ళల్ల ఉన్నది” అన్నడు పాపం.

సూరత్ నుంచి నాలుగు దినాలల్ల చీర వస్తది. నేను కుట్టిన జాకెట్ మానేరు వాగు దాటి ఓడేడు పోవాలంటె వాన కాలం చుట్టు తిరగాలె. గర్మిళ్ళపల్లి కాడ 2016ల మొదలువెట్టిన వంతెన, పూర్తి కాకముందే 2024 ఏప్రిల్‌ల గాలిదుమారానికి గర్డర్లు పడిపోయినయి. ఓడేడు నుంచి నాకు వాట్సాప్‌ల జాకెట్ డిజైన్లు పంపే పిల్లలు ఉన్నరు. బొమ్మ వచ్చినంత అల్కగ బట్ట రాదు.

నవంబరు 26, బుధవారం

మహిళా సంఘం ఆడోళ్ళకు సర్కారు ఇచ్చే ఇందిరమ్మ చీరలు. 19 నాడు ముఖ్యమంత్రి హైదరాబాద్‌ల మొదలువెట్టిండు, ఇప్పుడు ఊర్లకు వచ్చినయి. సిరిసిల్లల నేసినయి. బతుకమ్మకే ఇస్తరనుకున్నరు, పండుగ పోయినంక వచ్చినయి. ఆడనే అందరు మడతలు విప్పి ఉల్టా తిప్పి చూస్తాంటె నాకు నవ్వొచ్చింది. ఇది నా మిషన్ కాడ నేర్చిందే. మా వరుసకు అవ్వ అయ్యే ముసలమ్మ తన చీర కొంగు నుంచి అంచు దాక తడిమి, పంచే మేడం ముందర పెట్టి మెల్లగ అడిగింది: “బిడ్డా, నాకు రంగు నచ్చలే. దీనికి రిటర్న్ ఉన్నదా?”

మేడం “లేదవ్వా” అన్నది. అవ్వ ఊరుకోలేదు. “మరి ఎక్స్‌ఛేంజ్?”